కుయిస్మా రాయించిన దరఖాస్తు

మా కోయివుకోస్కి వాణిజ్య పాఠశాలలో నేను పందొమ్మిదేళ్లు టైపు నేర్పాను. ఊళ్లో బ్యాంకుకెళ్లినా, మిల్లు ఆఫీసుకెళ్లినా, చర్చి ఆఫీసుకెళ్లినా నా దగ్గర నేర్చుకున్న పిల్లే ఒకతి లేచి నిలబడి "కూర్చోండి రాకెల్ టీచర్" అనేది. 1992 చలికాలానికి నా క్లాసులో తొమ్మిది మంది మిగిలారు. ముప్పై మెషిన్లకి తొమ్మిది మంది. మిగతా వాటికి గుడ్డ కప్పి ఉంచేదాన్ని.

అదే చలికాలంలో కాగితం మిల్లు తన మూడు యంత్రాల్లో రెండింటిని ఆపేసింది. మా ఆయన తోయివో మూడో నంబరు యంత్రం మీద ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి. ఒక శుక్రవారం టిఫిను డబ్బా, చెప్పులు, గోడకి తగిలించుకున్న క్యాలెండరు పట్టుకుని ఇంటికొచ్చాడు. "ఇంక వంట నాది" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి గురించి మాట్లాడలేదు. మరుసటి రోజు నుంచి నిజంగానే వండటం మొదలుపెట్టాడు. మొదటి నెలంతా అన్నీ ఉప్పగా ఉండేవి.

మా ప్రిన్సిపాల్ అర్వో కుయిస్మా. అప్పటికి ఆయనకి యాభై నాలుగేళ్లు. పొడుగాటి మనిషి, వంగి నడుస్తారు, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా మాట్లాడరు. ఆ వసంతంలో ఒక గురువారం, మేమంతా బఠానీ సూప్ తిని స్టాఫ్ రూములో కాఫీ తాగుతుండగా ఆయన వచ్చి నిలబడ్డారు.

"కొత్త చట్టం వచ్చింది" అన్నారు. "పని నేర్పే చదువుకి కూడా యూనివర్సిటీ హోదా ఇస్తారట. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీ అని పేరు. మనం వ్యాపారం ఒక్కటే నేర్పుతాం కాబట్టి, వ్యాపారానికి అలాంటిది ఒకటి అడుగుదాం. అడక్కపోతే రెండేళ్లలో మనల్ని పక్క ఊరి బడిలో కలిపేస్తారు."

నా పక్కన కూర్చున్నది ఉర్హో. వాణిజ్య గణితం చెప్పేవాడు. ఒకే బల్ల దగ్గర ఏళ్ల తరబడి కలిసి కాఫీ తాగాం.

"యూనివర్సిటీయా? మా ఇంటి ఆవుకి కూడా ఏదైనా హోదా ఇప్పిస్తారేమో కనుక్కోండి" అన్నాడు ఉర్హో.

అందరూ నవ్వారు. కుయిస్మా కూడా నవ్వారు. కానీ మర్నాడే దరఖాస్తు మొదలైంది.

ఆ మొదటి దరఖాస్తుని కమిటీ రాసింది. తలా ఒక పేజీ. చదివితే ఆరుగురు ఒకేసారి మాట్లాడినట్టుండేది. హెల్సింకిలోని విద్యా మంత్రిత్వ శాఖ నుంచి ఎనిమిది నెలలకి, కుదరదంటూ ఒకే ఒక్క కాగితం వచ్చింది. ఊరు చిన్నది, పరిశ్రమలతో సంబంధం కనిపించడం లేదు, అధ్యాపకుల చదువు చాలదు. కుయిస్మా దాన్ని మాకు పైకి చదివి వినిపించి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మూడూ నిజమే" అన్నారు. "ఊరిని పెద్దది చెయ్యలేం. మిగతా రెండూ చూద్దాం."

పరిశ్రమల పని నా మీద పడింది. ఊరూరా ఆఫీసుల్లో ఉన్న ఆడవాళ్లు నాకు తెలుసు కదా అని కుయిస్మా నన్ను కారెక్కించుకున్నారు. ఆయన పాత సాబ్ కారులో హీటరు ఒక కాలికే పనిచేసేది. రెండు చలికాలాలు అలా తిరిగాం. రంపపు మిల్లులు, పాల కేంద్రాలు, పడవలు చేసేవాళ్లు. మా విద్యార్థుల్ని ఆరు నెలలు పనిలో పెట్టుకుంటామని సంతకం చేస్తే చాలు. కాఫీ ఇచ్చేవాళ్లు, బన్ను పెట్టేవాళ్లు, సంతకానికి మాత్రం "చూద్దాం" అనేవాళ్లు. దేశమంతా మూతపడుతున్న రోజులవి. ఉన్నవాళ్లనే తీసేస్తుంటే కొత్తవాళ్లని ఎవరు పెట్టుకుంటారు? సాయంత్రానికి నా బుగ్గలు నవ్వి నవ్వి నొప్పెట్టేవి.

అందులో ఒకటి బాగా గుర్తు. తలుపుల ఫ్యాక్టరీ యజమాని పెల్తొమా. మొరటు మనిషి. ఆయన వాకిట్లో మంచు కింద గుట్టలు గుట్టలుగా తలుపులు పడి ఉన్నాయి. లెనిన్‌గ్రాడ్‌లో ఏదో హోటల్ కోసం చేసినవి. తయారయ్యేసరికి కొనే దేశమే లేకుండా పోయింది.

"ఏంటి కుయిస్మా, ఇంకో బడి పెడతావా?" అన్నాడు పెల్తొమా కుర్చీలోంచి లేవకుండానే. "ఉన్న బడిలో చదివిన పిల్లే నా ఆఫీసు మొత్తం నడుపుతోంది. అంతకంటే ఏం నేర్పుతావు దానికి?"

"జర్మన్‌లో తలుపు అమ్మడం."

"జర్మన్లకి తలుపుల్లేవా?"

"ఉన్నాయి. రష్యావాళ్లకి అమ్మడమే మీకు తెలుసు. ఇన్నేళ్లూ ఒక్కడికే అమ్మారు. ఆ ఒక్కడూ పోతే ఇలా మంచులో పడ్డాయి. ఈ ఊళ్లో తలుపు చెయ్యడం వచ్చినవాళ్లు రెండు వందల మంది ఉన్నారు. అమ్మడం వచ్చినవాడు ఒక్కడు లేడు. మీరు కూడా కాదు."

ఇంక గెంటేస్తాడనుకున్నాను. పెల్తొమా నా వైపు తిరిగాడు.

"ఈయన ఎప్పుడూ ఇలాగే మాట్లాడతాడా?"

"నెలకి ఒకసారి" అన్నాను.

సంతకం పెట్టాడు. బయటికొచ్చాక కుయిస్మా కారు తాళం తిప్పబోయి ఆగిపోయారు. తాళం తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు నడుపుతావా రాకెల్?" అన్నారు. ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి. దారంతా కళ్లు మూసుకుని కూర్చున్నారు.

రెండో దరఖాస్తుకి కమిటీ పెట్టలేదు. 1994 అక్టోబరులో మధ్యాహ్నాలు ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. రెండు వారాలు పట్టింది. నాలుగో పేజీకొచ్చాం.

"రాయి" అన్నారు కిటికీలోంచి చూస్తూ. "రెక్టర్ పదవికి పరిశోధన పట్టా తప్పనిసరి. పూర్తికాలం పాఠాలు చెప్పేవాళ్లందరికీ మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. లేనివాళ్లు ఆరేళ్లలో సంపాదించుకోవాలి."

నా వేళ్లు ఆగాయి. రెక్టర్ అంటే కాలేజీకి పెద్ద, బడికి ప్రిన్సిపాల్ లాగా.

"మీకు పరిశోధన పట్టా లేదు కదా."

"లేదు."

"మరి కాలేజీ వస్తే రెక్టర్ మీరు కారు."

"కాను."

"ఆ మాట తీసేద్దాం. వాళ్లు అడిగితే అప్పుడు చూసుకోవచ్చు."

"పోయినసారి అదే చేశాం. అడిగారు." ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. "నా కొలతకి సరిపోయేలా రాస్తే అది నా కాలేజీ అవుతుంది. అలాంటిదాన్ని హెల్సింకి వాళ్లు ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా."

"ఉర్హోకి మాస్టర్స్ లేదు. నాకసలు డిగ్రీయే లేదు. టైపు టీచరు డిప్లొమా. నాకు నలభై ఆరేళ్లండీ."

"తెలుసు."

"ఎంత తేలిగ్గా అంటున్నారు!"

"తేలిగ్గా అనట్లేదు రాకెల్. నెల నుంచి నాకు నిద్ర లేదు. జవాబు వచ్చేదాకా ఎవరికీ చెప్పకు. ముందే తెలిస్తే స్టాఫ్ రూము రెండుగా చీలుతుంది, అప్పుడు ఏదీ రాదు."

రాశాను. తప్పు లేకుండా, ఒక్క అక్షరం కొట్టేయకుండా రాశాను. ఆ రోజు ఇంటికెళ్లి తోయివోకి కూడా చెప్పలేదు. ఏడాదిన్నర పాటు ఉర్హో పక్కన కూర్చుని కాఫీ తాగుతూ ఆ పేజీని కడుపులో మోశాను. అదంత బరువుగా ఉంటుందని అనుకోలేదు.

1996 ఏప్రిల్‌లో ఫ్యాక్సు వచ్చింది. ఒప్పుకున్నారు. ఆఫీసు పిల్ల అరుచుకుంటూ వరండాలో పరిగెత్తింది. ఎవరో కేకు తెచ్చారు. ఉర్హో నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. "ఆవుకి హోదా వచ్చిందే!" అన్నాడు. కుయిస్మా కేకు ముక్క ముట్టుకోలేదు. అందరూ తినేదాకా ఆగి, నాలుగో పేజీ చదివారు.

తన సంగతి ముందు చెప్పారు. ఆగస్టు నుంచి కొత్త రెక్టర్ వస్తారు. తర్వాత మా సంగతి చెప్పారు. మా పదిహేడు మందిలో తొమ్మిది మందికి మాస్టర్స్ లేదు. ఉర్హో మెల్లగా నా వైపు చూశాడు.

"ఇది టైపు చేసింది నువ్వేగా?"

"నేనే."

"ఎప్పుడు?"

"తొంభై నాలుగులో."

"ఏడాదిన్నర" అన్నాడు. "ఏడాదిన్నర నా పక్కన కూర్చున్నావు. మా అమ్మాయి పెళ్లికి వచ్చావు, భోజనం చేశావు."

చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు అంటే అది మరీ చిన్నపిల్లల మాట. అతను కప్పు సింకులో పెట్టి వెళ్లిపోయాడు. వేసవి కాగానే పక్క ఊరి బడిలో చేరాడు. బస్టాపులో ఎదురుపడినా తల తిప్పుకునేవాడు.

కొత్త రెక్టర్ డాక్టర్ ఎస్కొలా తుర్కు నగరం నుంచి వచ్చింది. నలభై ఒక్క ఏళ్లు, చురుకైన మనిషి, చెడ్డది కాదు. కుయిస్మా ఇంకో ఊరు వెళ్లి ఏదైనా ప్రిన్సిపాల్ పని చూసుకుంటారని అందరం అనుకున్నాం. ఆయన వెళ్లలేదు. విద్యార్థుల్ని ఫ్యాక్టరీల్లో పనికి కుదిర్చే సగం పూట ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంటే, దానికి మామూలుగా దరఖాస్తు పెట్టుకున్నారు. డాక్టర్ ఎస్కొలా ఎర్రబడ్డ మొహంతో ఆయనకి ఇంటర్వ్యూ చేసింది. జిరాక్సు మెషిన్ పక్కన కిటికీ లేని గది ఇచ్చారు. అదే సాబ్ కారు, అవే ఫ్యాక్టరీలు. ఈసారి ఒంటరిగా.

నా చదువు అదే ఏడు మొదలైంది. ముందు డిగ్రీ, ఆపైన మాస్టర్స్, ఆరేళ్లలో రెండూ. శుక్రవారం పాఠాలు కాగానే యూనివర్సిటీ ఉన్న యువాస్కిలాకి బస్సు. రెండున్నర గంటలు. శనివారమంతా క్లాసు, ఆదివారం మధ్యాహ్నం తిరుగు బస్సు, సోమవారం ఎనిమిదింటికి నా క్లాసు. టైపు గది పోయి కంప్యూటరు గది వచ్చింది. నేను చెప్పేదానికి కూడా "ఆఫీసు సమాచార వ్యవస్థలు" అని పేరు మారింది. పేరు మార్చినంత సులువుగా నేను మారలేకపోయాను. రాత్రి నేర్చుకున్నది మర్నాడు చెప్పేదాన్ని. కంటి కింద నల్లటి వలయాలు వచ్చాయి. మా అక్క చూసి "నీకేదో జబ్బు" అంది. జబ్బేం కాదు, స్టాటిస్టిక్స్.

స్టాటిస్టిక్స్ రెండుసార్లు తప్పాను. చెప్పేవాడికి నా కొడుకు వయసుంటుంది. రెండోసారి పేపరు ఇస్తూ జాలిగా "మీరు ఇది ఎందుకు చేస్తున్నారు?" అని అడిగాడు. వ్యంగ్యం కాదు, నిజంగానే అడిగాడు. బస్సులో రెండున్నర గంటలూ అదే మాట.

సోమవారం పొద్దున్నే జిరాక్సు గది పక్కకి వెళ్లి తలుపు కొట్టకుండా లోపలికెళ్లాను.

"మానేస్తున్నాను" అన్నాను. "ఆఫీసులో గుమాస్తాగా వెయ్యమని ఎస్కొలాని అడుగుతాను."

కుయిస్మా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఏదో ధైర్యం చెబుతారని చూశాను. చెబితే అరవాలని సిద్ధంగా ఉన్నాను.

"మానెయ్" అన్నారు.

"అంతేనా?"

"ఇంకేం చెప్పను? నాక్కూడా ఓపిక లేదు రాకెల్. నిన్న ఒక కుర్రాడొచ్చి ప్రింటరులో కాగితం పెట్టమన్నాడు. పెట్టాను. పెల్తొమా ఫోన్ చేసి, ఇంకా నువ్వే తిరుగుతున్నావా, నీ పెద్ద రెక్టర్‌ని పంపమంటాడు. మా ఆవిడ ఈ గదిలోకి ఒక్కసారి వచ్చి చూసి, మళ్లీ రాలేదు."

"రాయించింది మీరే."

"అవును, నేనే."

"మార్చమని చెప్పాను. చెప్పానా లేదా?"

"చెప్పావు." ఆయన గొంతు పెరగలేదు. "మళ్లీ రాయాల్సొస్తే మళ్లీ అదే రాయిస్తాను. అది తప్పు కాదు. కాకపోతే దానివల్ల ఇంత అలసట ఉంటుందని నాకు తెలీలేదు. నీకు అది చెప్పాల్సింది. ఉర్హోకి కూడా."

కూర్చున్నాను. పక్కగదిలో జిరాక్సు మెషిన్ తిరుగుతూనే ఉంది. తర్వాత ఆయన లేచి కారు తాళాలు తీసుకున్నారు, పది గంటలకి పాల కేంద్రంలో ఎవరినో కలవాలట.

మానేద్దామనే అనుకున్నాను. వారమంతా అనుకున్నాను. శుక్రవారం బడి వాకిట్లో తోయివో సైకిలు మీద ఎదురుచూస్తున్నాడు. చేతిలో సంచి, అందులో రై రొట్టె ముక్కలు, ఉడకబెట్టిన గుడ్లు, ఫ్లాస్కు.

"ఈ వారం వెళ్లట్లేదని చెప్దామనుకున్నా" అన్నాను.

"ముందు చెప్పొద్దూ? రొట్టె కోసేశానే" అన్నాడు.

ఆ రొట్టె కోసమే ఆ వారం వెళ్లాను. పెద్ద కారణం ఏదీ లేదు. ఆ తర్వాతి వారం కూడా అలాగే వెళ్లాను. మూడోసారి స్టాటిస్టిక్స్ గట్టెక్కింది. 2002 మేలో మాస్టర్స్ వచ్చింది, నా యాభై నాలుగో ఏట. పట్టా తీసుకుని ఇంటికొచ్చి ఆవిరిస్నానం చేసి పడుకున్నదాన్ని, ఆదివారం చర్చి గంటలకి కూడా లేవలేదు. సంతోషం ఎప్పుడొస్తుందా అని కొన్నాళ్లు చూశాను. నిద్రే వచ్చింది.

ఈలోగా కాలేజీ పెరిగింది. నూట ఇరవై మందితో మొదలైనది నాలుగేళ్లకే ఆరు వందలైంది, ఆ తర్వాత పన్నెండు వందలు. పాత బడి చాలక, ఖాళీగా పడి ఉన్న మిల్లు హాలు తీసుకుని గాజు గోడలు పెట్టారు. ప్రారంభం రోజున తోయివోని తీసుకెళ్లాను. హాలు మధ్యలో నిలబడి నేల వైపు, పైకప్పు వైపు చూసి లెక్కలేసుకున్నాడు.

"మూడో నంబరు ఇక్కడ ఉండేది" అన్నాడు. "ఇప్పుడు ఇక్కడ కాఫీ అమ్ముతున్నారు."

"బాధగా ఉందా?"

"కాఫీ బాగానే ఉంది" అన్నాడు.

వియత్నాం నుంచి, కెన్యా నుంచి, నేపాల్ నుంచి పిల్లలు వచ్చారు. నవంబరు చీకట్లో పలచటి కోట్లు వేసుకుని బస్సు దిగేవాళ్లు. పాఠాలు ఇంగ్లీషులో చెప్పమన్నారు. యాభై ఆరేళ్ల వయసులో అదొకటి. తప్పులతో చెప్పేదాన్ని, వాళ్లు తప్పులతో అడిగేవాళ్లు, పని జరిగిపోయేది. పెల్తొమా ఫ్యాక్టరీలో ఎగుమతుల అధికారిగా మా మొదటి బ్యాచి పిల్లే చేరింది. హాంబర్గ్‌లో తలుపులు అమ్మింది, మ్యూనిక్‌లో కూడా అమ్మింది. 2000 చివర్లో పెల్తొమా ఒకరోజు కాలేజీకి వచ్చి, ఎస్కొలా గది దాటుకుని తిన్నగా జిరాక్సు పక్క గదికి వెళ్లి కుయిస్మా చేతిలో ఒక తలుపు పిడి పెట్టి వెళ్లాడు. ఇత్తడిది. ఎందుకిచ్చాడో ఇద్దరూ చెప్పలేదు.

కుయిస్మా 2001లోనే రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఎస్కొలా మాట్లాడింది. చిన్న ప్రసంగమే కానీ దాచుకోకుండా మాట్లాడింది. "ఈ మనిషి తయారుచేసిన కుర్చీలో నేను ఐదేళ్లుగా కూర్చున్నాను. ఆయన పక్కగదిలో ఉన్నారని తెలిసి కూర్చోవడం అంత తేలిక కాదు" అంది. ఆయన లేచి "గదికి కిటికీ పెట్టించండి, వచ్చేవాడికి పనికొస్తుంది" అని కూర్చున్నారు. పెట్టించారు.

ఆ సభకి ఉర్హో వచ్చాడు. ఎవరు పిలిచారో తెలీదు. వెనక వరసలో నిలబడ్డాడు, జుట్టంతా పోయింది. అయిపోయాక కుయిస్మాతో చేయి కలిపాడు. నా దగ్గరికొచ్చి కాసేపు నిలబడ్డాడు.

"చదువుతున్నావటగా."

"ఆఁ. స్టాటిస్టిక్స్ అయిపోయింది."

"నన్నడిగితే నేర్పేవాణ్ని కదా" అన్నాడు. "గణితమే కదా నాది."

అంతే. దాన్ని క్షమించడం అంటారో లేదో నాకు తెలీదు. ఆ తర్వాత మాత్రం బస్టాపులో తల తిప్పుకోలేదు.

నేను 2011లో పని మానేశాను. మరుసటి ఏడాదే చిన్న కాలేజీలన్నిటినీ కలిపేయాలని హెల్సింకి నుంచి ఉత్తర్వు వచ్చింది. మాది తీరం మీదున్న పెద్ద కాలేజీలో కలుస్తుంది. మిల్లు హాలులో ఇంకో మూడేళ్లు క్లాసులు నడుస్తాయి, తర్వాత మూత.

ఆ వార్త పేపర్లో చదివి కుయిస్మా వేసవి కుటీరానికి వెళ్లాను. ఆయన భార్య అంతకు ముందు శీతాకాలంలో పోయింది. సరస్సు ఒడ్డున మెట్ల మీద కూర్చుని చేపల వల బాగుచేస్తున్నారు. డెబ్బై నాలుగేళ్లు. వేళ్లు సరిగా వంగడం లేదు.

"చదివారా?" అన్నాను.

"చదివాను. ఎస్కొలా కూడా ఫోన్ చేసింది, ఏడ్చింది పాపం. పోట్లాడి ఆపుతానంటోంది. వద్దని చెప్పాను."

"వద్దా? అన్ని ఏళ్లు తిరిగి తెచ్చింది!"

"అప్పుడు ఈ ఊరికి అది కావాలి. అందుకు తెచ్చాం. ఎంతమంది చదువుకుని వెళ్లుంటారు?"

"నాలుగు వేలు దాటారు."

"నాలుగు వేలు" అన్నారు. వల పక్కన పెట్టి లోపలికెళ్లి కాఫీ పెట్టారు.

నేను చెబుతూ పోయాను. నేపాల్ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇక్కడే ఉండిపోయి దుకాణం పెట్టడం, పెల్తొమా ఫ్యాక్టరీ మనవడి చేతికి రావడం, తోయివోకి మోకాలు ఆపరేషను. మాటల మధ్యలో చూస్తే ఆయన కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్నారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కప్పు ఒళ్లోనే ఉంది. కప్పు తీసి బల్ల మీద పెట్టాను, కాళ్ల మీద ఉన్ని దుప్పటి కప్పాను. కప్పులు కడిగి బోర్లించి, మెట్ల మీద వలని వాన తగలకుండా లోపల పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. మధ్యాహ్నం రెండైంది. బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. నిదానంగా నడిచాను.